ఈ వేసవి యాడ్ ఏజెన్సీలో చేరనా అని అడిగిన గుంటూరు అమ్మాయికి

అమ్మా, నీ ప్రశ్న చదివాను. గుంటూరులో బీబీఏ రెండో ఏడాది పూర్తవుతోంది. ఈ వేసవిలో ఇంటర్న్‌షిప్ చేసి లాగ్‌బుక్ చూపించమని కాలేజీ వాళ్లు చెప్పారు. విజయవాడ గవర్నర్‌పేటలో ఒక చిన్న యాడ్ ఏజెన్సీ రెండు నెలలకి రమ్మంది. స్టైపెండ్ లేదు, రానుపోను చార్జీలు మాత్రం ఇస్తారు. ఇంకోవైపు, డబ్బు కడితే ఇంట్లో కూర్చునే ‘డిజిటల్ మార్కెటింగ్ ఇంటర్న్‌షిప్’ సర్టిఫికెట్ ఇస్తామని ఆన్‌లైన్‌లో ఎవరో అంటున్నారు. నీకు డిజైనింగ్ రాదు, ఇంగ్లీష్ అంతంతమాత్రం, అలాంటప్పుడు ఏజెన్సీలో నాకేం పని ఉంటుంది అని నీ టెన్షన్. మా అమ్మాయి వయసుదానివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను.

గవర్నర్‌పేటకే వెళ్లు. డబ్బు కట్టించుకుని ఇచ్చే సర్టిఫికెట్‌ని ఈ రంగంలో ఉద్యోగం ఇచ్చేవాళ్లు లెక్కలోకి తీసుకోరు. ఇరవై ఏళ్లకు పైగా విజయవాడ యాడ్ ఏజెన్సీల్లో క్లయింట్ సర్వీసింగ్, అంటే యాడ్ వేయించుకునేవాళ్లతో మాట్లాడి పని చేయించే బాధ్యత, చూస్తున్నాను, కొత్తవాళ్ల ఇంటర్వ్యూలకీ కూర్చుంటాను. మేము అడిగేది ఒకటే: నువ్వు దగ్గరుండి చూసిన ఒక యాడ్ గురించి చెప్పు, అది ఎందుకు వేశారు, ఎక్కడ వేశారు, వేశాక ఏమైంది? దీనికి జవాబు చెప్పగలిగిన పిల్లని వదులుకోం. ఆన్‌లైన్ పాఠాలు కావాలంటే గూగుల్ వాళ్ల స్కిల్‌షాప్, మెటా వాళ్ల బ్లూప్రింట్ ఉన్నాయి. వాటిలో కోర్సులు ఉచితంగానే చదువుకోవచ్చు. రైల్లో వస్తూ పోతూ ఫోన్‌లో పూర్తిచేసుకో. వాటికోసం ఎవరికీ ఫీజు కట్టక్కర్లేదు.

చిన్న ఏజెన్సీ అని వెనకాడకు. హైదరాబాద్‌లోనో ముంబైలోనో పెద్ద ఏజెన్సీలో ఇంటర్న్‌గా చేరితే ఒక విభాగంలో కూర్చోబెడతారు. క్లయింట్ సర్వీసింగ్ ఒక అంతస్తులో, క్రియేటివ్ ఇంకో అంతస్తులో ఉంటాయి. మీడియా, అంటే పేపర్లలో టీవీల్లో యాడ్‌కి చోటు, కొనేది చాలాసార్లు వేరే కంపెనీయే. రెండు నెలలూ నీ చేత ప్రెజెంటేషన్లు దిద్దించి పంపొచ్చు. బెజవాడలో ఆరేడుగురు ఉండే ఆఫీసులో అలా కుదరదు. పొద్దున క్లయింట్ దగ్గరికి వెళ్లినవాడే మధ్యాహ్నం డిజైనర్ పక్కన కూర్చుంటాడు, సాయంత్రం పేపర్ ఆఫీసుకి మ్యాటర్ పంపిస్తాడు, నెలాఖరుకి బిల్లు వసూలుకీ అతనే వెళతాడు. ఒక యాడ్ క్లయింట్ నోటి నుంచి బయల్దేరి జనం కంటపడి కౌంటర్ దాకా ఎలా చేరుతుందో మొత్తం దారి నీ కళ్లముందే నడుస్తుంది. ఈ వేసవిలో నీకు కావాల్సింది అదే.

ఇక నీకేం పని ఉంటుంది అన్న ప్రశ్న. డిజైనర్ వాళ్లకి ఉన్నాడు. ఇంగ్లీష్ రాసేవాళ్లూ దొరుకుతారు. చిన్న ఏజెన్సీల్లో ఎప్పుడూ కొరతగా ఉండేది రెండు రకాల మనుషులు: కొనేవాళ్లని ఓపిగ్గా గమనించేవాళ్లు, తప్పుల్ని పట్టుకునేవాళ్లు. రెండూ నువ్వు చేయగలవు.

మొదటిది ఎలాగో చెబుతాను. మన దగ్గర క్లయింట్లంటే ఎక్కువగా బట్టల షోరూములు, నగల దుకాణాలు, కాలేజీలు, ఆసుపత్రులు, వెంచర్లు వేసేవాళ్లు, ఫర్నిచర్, ఏసీల డీలర్లు, పచ్చళ్లూ నూనెలూ అమ్మే స్థానిక బ్రాండ్లు. చీరల షోరూమ్ ఓనర్ ఆషాఢం సేల్‌కి యాడ్ కావాలని పిలిచాడనుకో. ఆయన చెప్పేది ఇలా ఉంటుంది: ‘పేపర్లో అరపేజీ వేద్దాం, పైన నాన్నగారి ఫొటో, మధ్యలో యాభై శాతం అని పెద్దగా.’ కొత్తవాళ్లు అంతా రాసుకుని తిరిగొచ్చేస్తారు. డిజైనర్ అదే వేస్తాడు. పక్క షోరూమ్ యాడ్ కూడా అదే పేజీలో అలాగే ఉంటుంది.

ఆ మాటల వెనక ఉన్నది రాబట్టడమే మా పని. ఏ సరుకు మీద యాభై శాతం? అన్నింటి మీదా, కొన్నింటి మీదేనా? అలాంటి చీరలు షాపులో ఎన్ని ఉన్నాయి, ఎన్నాళ్లకి సరిపోతాయి? పోయినేడు ఇదే నెలలో ఏవి ఎక్కువ పోయాయి? వచ్చేవాళ్లు ఊళ్లోవాళ్లా, బస్సెక్కి వచ్చేవాళ్లా? ఏ వారం షాపు ఖాళీగా ఉంటోంది? ఇవి అడిగితే ఓనర్ విసుక్కోడు. తన వ్యాపారం గురించి శ్రద్ధగా అడిగేవాళ్లంటే వ్యాపారికి ఇష్టం. నువ్వు చేరిన మొదటి వారంలోనే మీ సర్‌ని అడుగు: ‘క్లయింట్ మీటింగ్‌కి నన్ను తీసుకెళ్లండి, నేను మాట్లాడను, రాసుకుంటాను’ అని. వచ్చాక నీ నోట్సు, ఆయన నోట్సు పక్కపక్కన పెట్టి చూసుకో. ఆయన రాసుకున్నది నువ్వు ఎక్కడ వదిలేశావో అక్కడే నీ పాఠం ఉంటుంది.

తర్వాత ఓనర్ అనుమతి తీసుకుని ఒక శనివారం సాయంత్రం బీసెంట్ రోడ్ షోరూమ్‌లో కౌంటర్ పక్కన స్టూల్ మీద కూర్చో. ఫోన్ సంచిలో పెట్టెయ్. ఎవరు చీర పట్టుకుని చూస్తున్నారు, ఎవరు ధర అడుగుతున్నారు, డబ్బు ఎవరి చేతి నుంచి వస్తోంది చూడు. ఈ మూడు పనులూ ఒక్క మనిషే చేయడం అరుదు. అత్తగారు అంచు తిప్పి చూస్తుంది, కోడలు ఫొటో తీసి చెల్లెలికి వాట్సాప్ చేస్తుంది, తలుపు దగ్గర నిలబడ్డాయన గుడివాడ బస్సు టైమవుతోందని తొందరపెడతాడు. సేల్స్ అమ్మాయిని అందరూ గొంతు తగ్గించి అడిగే మాట ఒకటుంటుంది: ‘ఇవి కొత్తవేనా, పాత స్టాకా?’ ఆషాఢం సేల్ అనగానే జనానికి వచ్చే మొదటి అనుమానం అదే. ఇది నువ్వు ఆఫీసుకి వచ్చి చెప్పావనుకో, యాడ్ రూపమే మారిపోతుంది. యాభై శాతం అనే అంకె కిందికి దిగుతుంది. ఈ నెలలో వచ్చిన సరుకు మీద కూడా తగ్గింపు ఉంటే, ఆ మాట పైకి వస్తుంది. లేకపోతే ఏ సరుకు మీద ఉందో సూటిగా చెప్పమని ఓనర్‌కి సలహా ఇవ్వొచ్చు. ఆ వాక్యం రాయడానికి ఇంగ్లీష్ అక్కర్లేదు, ఫొటోషాప్ అక్కర్లేదు. ఆ స్టూల్ మీద కూర్చోవాలి, అంతే. బొమ్మలు గీయడం రాదని బాధపడుతున్న పిల్లలకి నేను ఎప్పుడూ చెప్పేది ఇదే.

రెండో పని ప్రూఫ్ చూడటం, అంటే యాడ్ అచ్చుకి వెళ్లేముందు తప్పులు పట్టుకోవడం. నువ్వు చేరేది సరిగ్గా ర్యాంకుల కాలంలో. ఇంటర్ ఫలితాలు వేసవి మొదట్లోనే వచ్చేస్తాయి, ఆ వెనకే జేఈఈ, నీట్, ఈఏపీసెట్ వరస. మన రెండు ఊళ్లలోనూ కాలేజీలే పెద్ద ప్రకటనదారులు. ఒక్క పేజీలో వందల ఫొటోలు. ప్రతి ఫొటో కింద పేరు, మార్కులు, హాల్‌టికెట్ నంబరు. అవి రాత్రికి రాత్రి తయారై, పేపర్ డెడ్‌లైన్ లోపు వెళ్లిపోవాలి. డిజైనర్ అప్పటికే అలిసిపోయి ఉంటాడు, తను కొట్టిన తప్పు తనకి కనిపించదు. ఒకరు జాబితా చదువుతుంటే ఇంకొకరు పేజీ మీద వేలు పెట్టి చూసుకోవాలి. ఒక పిల్లాడి ఫొటో కింద ఇంకో పిల్లాడి మార్కులు పడ్డాయంటే తెల్లారేసరికి ఆ ఇంట్లో గొడవ, కాలేజీకి ఫోన్లు, ఏజెన్సీ బిల్లులో కోత. ఇంటర్న్‌కి ఇచ్చే చిన్నపని అనుకోకు. దీన్ని జాగ్రత్తగా చేసేవాళ్లని మేము పేరు పెట్టి గుర్తుపెట్టుకుంటాం.

ప్రూఫ్‌కి కొన్ని అలవాట్లు ఇప్పుడే చేసుకో. ఫోన్ నంబరు కళ్లతో చదివి వదిలెయ్యకు, డయల్ చేసి చూడు. క్యూఆర్ కోడ్‌ని స్క్రీన్ మీద కాకుండా, యాడ్‌ని అసలు సైజులో ప్రింట్ తీసి స్కాన్ చెయ్యి. తేదీ పక్కన వారం రాసి ఉంటే క్యాలెండర్‌తో సరిచూసుకో. రెండు బ్రాంచీలుంటే రెండు అడ్రసులూ క్లయింట్ పంపిన మెసేజ్‌తో పోల్చు. హెడ్డింగ్‌ని చివర్లో ఇంకోసారి చదువు. పెద్ద అక్షరాల్లో తప్పు ఉంటే అందరూ దాటేస్తారు, ఎందుకో గానీ ప్రతిచోటా ఇది జరుగుతుంది.

తెలుగు మ్యాటర్‌తో ఇంకో చిక్కు ఉంది. మన డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ చాలామంది అను ఫాంట్లలోనే కొడతారు. అది యూనికోడ్ కాదు, అంటే అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ చదవగలిగే పద్ధతి కాదు. ఆ మ్యాటర్‌ని అలాగే కాపీ చేసి వాట్సాప్‌లోనో ఫేస్‌బుక్‌లోనో పెడితే అర్థంలేని గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గానీ, మార్చాక అక్కడక్కడా అక్షరాలు తారుమారవుతాయి. కాబట్టి పేపర్ యాడ్‌కి ప్రూఫ్ చూశాం కదా అని సోషల్ మీడియా పోస్టుని వదిలేయకూడదు, మళ్లీ మొదటి నుంచి చదవాలి. అలాగే ఫొటోషాప్‌లో భారతీయ లిపులకి సంబంధించిన సెట్టింగ్ పెట్టకుండా యూనికోడ్ తెలుగు కొడితే వొత్తులు విడిపోయి పక్కన పడతాయి. మండలి, రామభద్ర, ఎన్టీఆర్, సూరన్న లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఇంట్లో కంప్యూటర్‌లో వేసుకుని ఏ ఫాంట్ దూరం నుంచి బాగా కనిపిస్తుందో చూసుకో.

డబ్బు లెక్కలు అకౌంట్స్ చూసే ఆయన దగ్గర నేర్చుకో. పేపర్ యాడ్ ధర చదరపు సెంటీమీటర్ల మీద ఉంటుంది, ఫ్లెక్సీ చదరపు అడుగుల మీద. 12 సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల ఎత్తు యాడ్ అంటే 240 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకి 300 రూపాయలని లెక్క కోసం అనుకుందాం, 72,000 అవుతుంది. అందులో ఏజెన్సీకి పాతకాలం నుంచీ వస్తున్న కమిషన్ 15 శాతం, అంటే 10,800. జీఎస్టీ వేరు. క్లయింట్లు ఆ కమిషన్‌లోంచి కూడా తగ్గించమని బేరమాడతారు. పేపర్ వాళ్లకి గడువులోగా కట్టాలి, క్లయింటేమో తర్వాత ఇస్తాననొచ్చు. చిన్న ఏజెన్సీ నిలబడేదీ కూలేదీ ఈ రెండు తేదీల మధ్యనే. రిలీజ్ ఆర్డర్, అంటే యాడ్ వేయమని పేపర్‌కి ఇచ్చే కాగితం, ఎలా రాస్తారు, అందులో ఎడిషన్, పేజీ, సైజు, తేదీ ఎలా ఉంటాయి, యాడ్ పడిన పేపర్ కాపీని బిల్లుకి ఎందుకు జతచేస్తారు, ఒక్క బిల్లు పట్టుకుని చివరిదాకా చూస్తే అర్థమైపోతుంది.

హోర్డింగుల పని వస్తే ఎండ పెరగకముందే వెళ్లిరా. మే నెలలో బెజవాడ ఎండ సంగతి నీకు చెప్పక్కర్లేదు. బెంజ్ సర్కిల్‌లో ఫ్లైఓవర్ వచ్చాక పైనుంచి వెళ్లేవాళ్లకి కనిపించే బోర్డు వేరు, కింద సిగ్నల్ దగ్గర ఆగేవాళ్లకి కనిపించేది వేరు. ధర చెప్పేవాడు రెండింటినీ ఒకే పేరుతో చెబుతాడు. బైక్ మీద వెళ్లేవాళ్ల దారిలో వెళ్లి, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా బోర్డు కనిపిస్తోందో, మధ్యలో చెట్టుకొమ్మో కేబుల్ వైర్లో అడ్డొస్తున్నాయో, రాత్రి లైట్లు వెలుగుతున్నాయో చూసి ఫొటోలతో రాసివ్వు. రాత్రి లైట్ల చెకింగ్‌కి మాత్రం ఒక్కదానివే వెళ్లొద్దు. ఆఫీసు వాళ్లలో ఒకరు తోడు రావాల్సిందే.

డిజిటల్ గురించి నీకు నాకంటే తొందరగా పట్టుబడుతుంది కాబట్టి ఒక్క మాటే చెబుతాను. పోస్టుని డబ్బు కట్టి ఎక్కువమందికి చూపించడానికి కింద ఉండే బూస్ట్ బటన్ నొక్కడం ఒక్కటే పని కాదు. షాపు చుట్టూ ఎన్ని కిలోమీటర్ల లోపు వాళ్లకి చూపించాలి, ఏ వయసు వాళ్లకి, ఎంతమంది చూశారు, అందులో ఎందరు ఫోన్ చేశారు, ఫోన్ చేసినవాళ్లలో ఎందరు షాపుకొచ్చారు, ఇక్కడిదాకా వెళ్లాలి. లైకుల దగ్గర ఆగిపోయే రిపోర్టు ఓనర్‌కి పనికిరాదు. రోజూ సాయంత్రం షాపుకి ఫోన్ చేసి ‘ఇవాళ యాడ్ చూసి వచ్చామని ఎవరైనా అన్నారా’ అని అడిగి ఒక పుస్తకంలో రాయి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. యాడ్‌లో అబద్ధం రాయమంటే ఏం చేయాలి? ఈ ప్రశ్న నువ్వు అడగలేదు, కానీ రెండు నెలల్లో తప్పకుండా ఎదురవుతుంది. చట్టం ఏం చెబుతోందో తెలిసి ఉంటే, చిన్నదానివైనా ధైర్యంగా మాట్లాడగలవు.

2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనలకి 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. దీన్ని చూసేది కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ. కోచింగ్ సంస్థల ప్రకటనల మీద ఆ సంస్థ 2024 నవంబర్‌లో ప్రత్యేకంగా మార్గదర్శకాలు తెచ్చింది. విద్యార్థి ఎంపికయ్యాక రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే అతని ఫొటో, పేరు వాడాలి. ఆ విద్యార్థి అక్కడ ఏ కోర్సు చదివాడో చెప్పాలి. పూర్తి కోచింగ్ తీసుకున్నవాడూ, చివర్లో నమూనా పరీక్షలు రాసినవాడూ ఒకే వరసలో ఉంటే చూసే తల్లిదండ్రులకి తేడా తెలియదు కదా, ఆ నిబంధన అందుకే. వెంచర్ యాడ్ అయితే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూడు. 2016 రెరా చట్టం ప్రకారం, దాని పరిధిలోకి వచ్చే ప్రాజెక్టుని రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటించకూడదు. అమరావతి చుట్టుపక్కల ప్లాట్ల యాడ్లు నీ టేబుల్ మీదికి వస్తాయి కాబట్టి ఇది గుర్తుపెట్టుకో. షుగర్ వ్యాధి పూర్తిగా నయం చేస్తామని ఎవరైనా మందుల యాడ్ తెస్తే, 1954 నుంచీ ఉన్న డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం దాన్ని ఒప్పుకోదు. డబ్బు తీసుకుని రీల్ చేసేవాళ్లు అది ప్రకటన అని కనిపించేలా చెప్పాలి.

ఇవి కాగితం మీది సంగతులుగా చూడకు. మన జిల్లాల్లో పొలం అమ్మి పిల్లల ఫీజు కట్టేవాళ్లున్నారు, కూతురి పెళ్లికి దాచిన డబ్బు ప్లాట్‌లో పెట్టేవాళ్లున్నారు. వాళ్లు ఆ యాడ్ నమ్మి వస్తారు. అందుకే ప్రూఫ్‌లో అనుమానం వచ్చిన చోట గుండ్రంగా గీత గీసి ‘దీనికి ఆధారం క్లయింట్ పంపారా?’ అని రాసి మీ సర్‌కి ఇవ్వు. వాదన పెట్టుకోనక్కర్లేదు. మంచి ఏజెన్సీ అయితే నీ గీతకి థాంక్స్ చెబుతుంది. అలాంటి గీతలు గీయొద్దని గట్టిగా చెప్పే చోట నువ్వు ఉండాల్సిన పని లేదు, మధ్యలో మానేసి వచ్చినా నేను తప్పు పట్టను.

స్టైపెండ్ సంగతి. పనిచేస్తే ఎంతో కొంత ఇవ్వాలనేది నా అభిప్రాయం, ఏజెన్సీ నడిపే నా స్నేహితులతోనూ ఇదే అంటాను. కానీ ఈ మాటు దానికోసం వదులుకోకు. చార్జీలతో పాటు మధ్యాహ్నం భోజనం ఖర్చు అడుగు. తీసుకోదగ్గ చనువే అది. నెల తర్వాత నీ పని చూసి ఏమైనా ఇవ్వగలరేమో అని కూడా ముందే అడగొచ్చు. గుంటూరు నుంచి రోజూ తిరిగేట్టయితే రైలు సీజన్ టికెట్ తీసుకో, చాలా కలిసొస్తుంది. సాయంత్రం ఎన్నింటికి బయల్దేరాలో మొదటి రోజే చెప్పెయ్. ర్యాంకుల రాత్రుల్లో ఆలస్యమవుతుందంటే, ఊళ్లో బంధువుల ఇంట్లో ఉండే ఏర్పాటు కుదిరితేనే ఒప్పుకో. లేకపోతే ‘ఇంటి నుంచి ఫోన్‌లో ప్రూఫ్ చూస్తాను సర్’ అని చెప్పు. దానికి ఎవరూ కాదనరు.

లాగ్‌బుక్‌లో ‘ఆఫీసుకి వెళ్లాను, డిజైనింగ్ గమనించాను’ అని రాసే పిల్లలే ఎక్కువ. నువ్వు ఆ రోజు చేసిన పని పేరు, సైజు, పట్టుకున్న తప్పు, అడిగిన ప్రశ్న రాయి. క్లయింట్ రేట్లు, ఇంకా విడుదల కాని యాడ్లు మాత్రం అందులో పెట్టకు, స్నేహితులకీ పంపకు. విడుదలైన యాడ్లలో నువ్వు పనిచేసినవి మూడు నాలుగు ఎంచుకుని, ఇంటర్వ్యూల్లో చూపించుకోవచ్చా అని మీ సర్ దగ్గర అనుమతి తీసుకో. ప్రతి దాని పక్కన నీ పాత్ర ఎంతో నిజాయితీగా ఒక్క వాక్యం రాసిపెట్టుకో. ప్రూఫ్ ఒక్కటే చూసి ఉంటే ప్రూఫ్ చూశానని రాయి. మాకు అదే చాలు.

చేరేముందు ఏజెన్సీ లెటర్‌హెడ్ మీద మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ, రోజుకి పని గంటలు, నిన్ను చూసుకునే మనిషి పేరు రాయించుకో. దాన్ని కాలేజీలో మీ మెంటర్‌కి చూపించి, ఇది ఇంటర్న్‌షిప్ కింద చెల్లుతుందని ముందే సంతకం పెట్టించుకో. కొన్ని కాలేజీలు ఫలానా పద్ధతిలోనే లెటర్ ఉండాలంటాయి, నెల గడిచాక మార్పించాలంటే రెండు చోట్లా ఇబ్బంది. ఆ లెటర్ చేతికొచ్చాక అందులో ఏదైనా మాట అర్థం కాకపోతే ఇక్కడే అడుగు, చూసి చెబుతాను.